కప్పకు క్యాప్సూల్ వైద్యమా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పెంపుడు కప్పల గురించి వేసిన సలహా చదివినప్పటి నుంచి ఒళ్లు మండుతోంది. కాళ్లు ఎర్రబడితే మందుల షాపులో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ క్యాప్సూల్ తెచ్చి, విప్పి తొట్టిలో కలపాలట! ఎన్ని నీళ్లకు ఎంత, ఎన్నాళ్లు? ఆ ఊసే లేదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరైనవాణ్ణి. మా డాక్టర్లు గేదెకైనా బరువు చూడకుండా డోసు రాసింది లేదు.

కప్ప నీళ్లు తీసుకునేది చర్మంతోనే, ఊపిరి కూడా కొంత దాంతోనే. తొట్టిలో ఏం పడేసినా ఒంట్లోకి పోతుంది. తొడల లోపల, పొట్ట కింద ఎర్రబడితే ఏరోమోనాస్ లాంటి బ్యాక్టీరియా రక్తంలో చేరి ఉండొచ్చు. ఒక రకం ఫంగస్ పట్టినా అలాగే ఎర్రబడుతుంది. చూసి తేల్చాల్సింది డాక్టరు, మీ విలేకరి కాదు. ఈలోపు జబ్బుదాన్ని వేరు చేసి, క్లోరిన్ లేని శుభ్రమైన నీళ్లు రోజూ మార్చాలి. ముట్టుకున్నాక పిల్లకాయలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, సాల్మొనెల్లా అంటుకోవచ్చు. అనుబంధంలో ఈ ముక్క ఒక్కటీ లేదే!

ఇప్పుడు కొత్తగా ఆక్సోలాటల్ అట. కప్పలకు చుట్టమే, తోకున్న మెక్సికో చల్లనీళ్ల జీవి, నీళ్లు 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలు. ఎండాకాలం 40 దాటే తిరుపతిలో దాన్ని ఫ్యాను గాలికి పెట్టి అమ్ముతున్నారు. జబ్బు చేయక ఏం చేస్తుంది?

చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మకూడదని చట్టం ఉంది. అలాంటి మందుల అట్టల మీద ఎర్రగీత ఉంటుంది, చూసుకోండని 2016లో కేంద్రం ప్రచారం కూడా చేసింది. ఆ గీత కొనేవాడికీ కనబడదు, అమ్మేవాడికీ కనబడదు, తనిఖీ చేయాల్సిన సార్లకు అసలే కనబడదు. ఇక మీరే పత్రికలో చెబితే అడిగేదెవరు? ఆ మందునీళ్లు రేపు మురుగుకాలువలోకే పోతాయి. అక్కడి క్రిములు ఆ మందుకు అలవాటు పడితే, మనకు జ్వరమొచ్చినప్పుడు ఏ క్యాప్సూల్ విప్పుకోవాలో కూడా రాసి పెట్టండి.

1955 నుంచి ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది. వేసేముందు ఒక్క ఫోను కొట్టలేకపోయారా? వానల కోసం కప్పలకు పెళ్లి చేస్తే మాత్రం రంగుల ఫొటో వేస్తారు.

సవరణ వేయండి. శ్రద్ధాంజలి ప్రకటనల కింద మూలన కాదు, ఆ సలహా వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో.

— రిటైర్డ్ కాంపౌండర్, తిరుపతి