డాక్టర్ గారూ, ఆ పొడి గురించి కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం. మృగశిర కార్తె వస్తే నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదానికి ఎంత జనం వస్తారో మన సిటీ వాళ్లకి చెప్పక్కర్లేదు, చార్మినార్ దగ్గర యునానీ, ఎర్రగడ్డలో ఆయుర్వేద హాస్పిటల్ కూడా ఉన్నాయి, నేను ఏ వైద్యాన్నీ తిట్టడానికి రాయట్లేదు. నా బాధ వేరే.

మా అమ్మకి షుగర్. ఎవరో చెప్పారని మెట్‌ఫార్మిన్ అనే షుగర్ టాబ్లెట్ మానేసి, లేబుల్ కూడా లేని ఏదో పచ్చటి పొడి హార్లిక్స్ సీసాలో పోసి బియ్యం డబ్బా వెనక దాచిపెట్టుకుని మరీ తిన్నది. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (సగటు షుగర్ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) 11 దాటింది, కాలి మీద పుండు మానలేదు. డాక్టర్‌కి ఎందుకు చెప్పలేదమ్మా అంటే "తిడతడు బిడ్డా" అన్నది. నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అసలు మెట్‌ఫార్మిన్ కూడా గెలీగా అనే మొక్క మీద చేసిన పరిశోధనల నుంచి వచ్చిందే, కాకపోతే డోసు ఎంత, కిడ్నీ బాగోలేని వాళ్లకి ఇవ్వొచ్చా అనేది పరీక్షించి చూశారు. ఆ పొడిలో ఏముందో ఎవరికి తెలుసు? ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు, సీసం బయటపడిన సందర్భాలు ఉన్నాయి.

డాక్టర్లకి దండం పెట్టి అడుగుతున్నా, "ఇంకేమైనా మందులు వాడుతున్నావా అమ్మా" అని కోప్పడకుండా ఒక్కసారి అడగండి. ఆయుర్వేదం, హోమియో డాక్టర్లు కూడా పాత టాబ్లెట్లు ఆపొద్దని చీటీ మీదే రాసివ్వండి.

– ఒక కూతురు, మల్కాజిగిరి, హైదరాబాద్