నన్ను బాబాయ్ అని పిలిచింది

విజయనగరం,
గురువారం ఉదయం

ఒరేయ్ సూర్యం,

రెండు ఉత్తరాలకు జవాబు బాకీ ఉన్నాను. తిట్లు తరువాత, ముందు ఇది విను. అమ్మ మోకాలు ఫరవాలేదు, చెల్లి పరీక్షలు అయిపోయాయి, వంటింటి కప్పు ఇంకా కారుతోంది. ఇంటి సంగతులు ఇంతే.

మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కదా. మా విశాఖ ఆఫీసుకు సెలవు లేదు, సాయంత్రం అయిదుకల్లా బిల్లుల పట్టిక పంపాలి. ఇక్కడ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. స్టేషనుకు ఎలా వెళ్ళను? అందుకే ఇంటి నుంచే ఆఫీసు కంప్యూటర్‌లోకి దూరే ఏర్పాటు ముందే చేసుకున్నాను.

ఆఫీసు ఫైర్‌వాల్ బయటి నుంచి ఎవరినీ రానివ్వదు. లోపలివాళ్ళు వెబ్‌సైట్లు వాడే 443 పోర్టు (అంటే ఒక గుమ్మం అనుకో) మీదుగా బయటికి వెళితే మాత్రం అడ్డు చెప్పదు. మన హాస్టలు గది గడియ గుర్తుందా? నువ్వు వెంటిలేటరులోంచి దూరి లోపలి నుంచి తీసేవాడివి (నీ లుంగీ సంగతి రాయనులే). అదే ఉపాయం. ఆఫీసు కంప్యూటరే బయటున్న మా సర్వరుకు ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే ఎవరూ తొంగి చూడలేని రహస్య లిపితో, సొరంగం వేస్తుంది. నేను ఆ సర్వరు దగ్గరికి వెళ్ళి, అదే సొరంగంలో వెనక్కి నడుస్తాను. తేడా ఒక్కటే, ఈసారి వార్డెను సంతకం ఉంది.

ఆఫీసు కంప్యూటర్ తెరను ఇక్కడ చూపించి, దాన్ని ఇక్కడి నుంచే నడపనిచ్చేది వీఎన్‌సీ. అందులో నేనిక్కడ ఏం చేసినా అక్కడి తెర మీద కనిపిస్తుంది. ఆ మాటే మరిచిపోయాను. నాలుగు దాటాక బాణాన్ని నేను కుడికి లాగితే అది ఎడమకు పోతోంది! ఎవరో మౌసు పట్టుకున్నారు. ఆ వేళకు బల్లలు తుడిచేది మా అటెండరు బాబాయే. వెంటనే నోట్‌ప్యాడ్ తెరిచి, పెద్ద అక్షరాలతో ‘బాబాయ్, నేనే, భయపడకండి’ అని కొట్టాను. బాణం ఆగింది. హమ్మయ్య అనుకునేలోపు సొరంగం తెగింది.

ఫోను. “బాబూ, మీ పెట్టెలో ఏదో ఉందండీ. నన్ను బాబాయ్ అని పిలిచింది. ప్లగ్గు పీకేశాను.”

బయట డప్పుల మోత, లోపల నా అరుపులు. చివరికి ఒప్పుకున్నాడు, “పెడతాను గానీ, అది మళ్ళీ మాట్లాడకూడదు.” కంప్యూటర్ లేవగానే సొరంగం దానంతట అదే పడేలా రాసిపెట్టడం నా అదృష్టం. సేవ్ చేయని అరవై వరుసలు మాత్రం పోయాయి. మళ్ళీ కొట్టి, అయిదుకు రెండు నిమిషాల ముందు పంపాను. పూజారి కూర్చునే ఆ పొడవాటి సిరిమాను మూడుసార్లు తిరిగినా, నాకు డాబా మీంచి దక్కింది చివరిసారి వెనకభాగం. అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

నిన్న ఆఫీసుకు వెళితే మానిటరు పక్కన పసుపు పూసిన నిమ్మకాయ. తీసేద్దామని చెయ్యి చాపానా, గుమ్మంలో బాబాయ్ నిలబడి నన్నే చూస్తున్నాడు. ఇక నేను...

పాసింజరు వేళైపోయింది. ఉంటాను.

నీ
లెక్కల పిల్లి