చిన్న రీఫ్ ట్యాంకులో ఏ చేపలు వేయాలి?

అందరికీ నమస్కారమండీ. భీమవరం, అమలాపురం వైపు నుంచి కొత్తగా చేరినవాళ్లు రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ట్యాంకులో, ఏ చేపలు వేయాలని అడుగుతున్నారు.

80 లీటర్ల ట్యాంకుకి ఒక జత ఆసెలారిస్ క్లౌన్ చేపలు, అడుగున తిరిగే ఒక గోబీ చేప చాలు. ఫైర్‌ఫిష్ కూడా బావుంటుంది గానీ బెదిరితే బయటికి దూకేస్తుంది, పైన వల మూత ఉండాల్సిందే.

బ్లూ టాంగ్ చేపపిల్లని చూసి దయచేసి ముచ్చటపడకండి. అది దాదాపు అడుగు పొడవు పెరుగుతుంది, ఈదడానికి చోటు చాలక నలిగిపోతుంది. మాండరిన్ చేప సంగతి మరీ ఘోరం. దాని తిండి ఎక్కువగా బతికున్న కోపెపాడ్‌లు (నీళ్లలో ఉండే చిన్న చిన్న పురుగుల్లాంటి జీవులు), చిన్న ట్యాంకులో అవి త్వరగా అయిపోతాయి, చేప ఆకలితో చచ్చిపోతుంది. చాలా రకాల డామ్సెల్ చేపలు చవకే, కానీ తగవులమారివి.

చెరువు నీళ్లు, ఉప్పుటేరు నీళ్లు పోయకండి. ఆర్‌ఓ నీళ్లలో రీఫ్ ఉప్పు కలిపి సాంద్రత 1.025 దగ్గర ఉంచండి. మన ఎండాకాలంలో నీళ్లు 28 డిగ్రీలు దాటకుండా ఫ్యాను పెట్టండి, ఆవిరైనంత మేర ఉప్పులేని ఆర్‌ఓ నీళ్లే పోయండి.

చేపకి జబ్బు చేస్తే రాగి మందు రీఫ్ ట్యాంకులో వేయొద్దు, పగడాలూ రొయ్యలూ చచ్చిపోతాయి. వేరే తొట్టెలోకి మార్చి వేయండి. కొనేముందు ట్యాంకు కొలతలు, ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.