మొజంజాహి మార్కెట్‌ల పండ్లకు కొంచెం జాగా ఇయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మా అమ్మను తీసుకొని హైదరాబాద్ మొజంజాహి మార్కెట్‌కు పోయిన. అమ్మకు 78 ఏండ్లు, ఒక్కసారి చూపియ్యి బిడ్డా అని ఎన్నో రోజులసంది అడుగుతుండె. దిల్‌సుఖ్‌నగర్‌ల మెట్రో ఎక్కి గాంధీభవన్ స్టేషన్‌ల దిగి మెల్లగ నడుచుకుంట పోయినం.

గడియారం బురుజు కనపడంగనే అమ్మ అట్లనే నిలబడిపోయింది. నిజంగ మంచిగ చేసిండ్రు. ఇంతకుముందు రేకులు, వైర్లు, బోర్డులు కమ్మేసి రాయి అన్నదే కనపడకపోయేది, 2018ల రిపేర్ మొదలుపెట్టి 2020 ఆగస్టుల మళ్లా తెరిచినంక ఆ గ్రానైట్ గోడలు, కమానులు చూస్తుంటే కడుపు నిండినట్టయింది, ఆ పని చేసిన మేస్త్రీలందరికీ దండం పెట్టాలె.

కానీ అమ్మ వెతికింది గోడల కోసం కాదు, పండ్ల కోసం. 1935ల నిజాం కాలంల పండ్ల మార్కెట్ అనే కట్టిండ్రు దీన్ని. 1908 మూసీ వరదల తర్వాత సిటీని బాగుచెయ్యనీకి పెట్టిన బోర్డుకు నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రెండో కొడుకు మొజంజా పెద్దగ ఉండె, ఆయన పేరే పెట్టిండ్రు. ఎండాకాలం వచ్చిందంటే మా నాయిన ఇక్కడికెళ్లి సైకిల్ వెనక బంగినపల్లి గంప కట్టుకొని వచ్చేటోడు, అమ్మ మంచం కింద గడ్డి పరిచి మాగబెట్టేది, ఇల్లంతా ఒకటే వాసన. 1980లల్ల టోకు మార్కెట్ కొత్తపేటకు పోయింది, 2021ల అక్కడినుంచి కూడ బాటసింగారం పోయింది. లారీలు సిటీ బయటనే ఆగాలె, దాన్ని నేను తప్పు పడతలేను.

ఇప్పుడు లోపల అత్తరు, డ్రైఫ్రూట్స్, ఐస్‌క్రీం బాగనే నడుస్తున్నయి. సీజన్ గదా అని అమ్మకు సీతాఫలం ఐస్‌క్రీం ఇప్పిచ్చిన, నోట్లె పెట్టుకుంటే పండు గుజ్జు తెలుస్తది, ఇష్టంగ తిన్నది. తిని, మరి సీతాఫలాలు ఏడున్నయిరా అని అడిగింది. బయట రోడ్డు పక్కకు ఒకామె గంపల పెట్టుకొని అమ్ముతున్నది, ఎండల కూసున్నది, ఎప్పుడు లేవమంటరో అని అటూ ఇటూ చూసుకుంట. ఆమె దగ్గర డజను కొన్నం. పండ్ల కోసం కట్టిన కమానుల కింద ఆమెకు నాలుగు అడుగుల నీడ దొరకకపోవుడు నాకు చాన బాధైంది.

అందుకే మీ పేపర్ ద్వారా అధికారులను అడుగుతున్న. లోపలి వాకిట్ల ఒక మూలకు, సీజన్ పండ్లు అమ్మేటోళ్లకు రోజు కిరాయి మీద తక్కువ రేటుకు జాగా ఇయ్యండి. సీతాఫలం, జామ, మామిడి, ఏ కాలం పండు ఆ కాలంల. రైతులు కూడ వారంల రెండు రోజులు తెచ్చుకొని అమ్ముకోవచ్చు.

ఇంకోటి రోడ్డు సంగతి. అన్ని దిక్కులకెళ్లి బండ్లొచ్చే ఆ చౌరస్తా దాటనీకి మాకు పది నిమిషాలు పట్టింది, అమ్మ చెయ్యి గట్టిగ పట్టుకొని, ఆఖరికి ఒక ఆటో అన్న బండి అడ్డం పెట్టి ఆపితే దాటినం. ముసలోళ్లు దాటేటట్టు సిగ్నల్ టైం పెంచాలె.

మామిడిపండ్ల కాలంల మళ్లా తీసుకొస్త అని అమ్మకు మాటిచ్చిన. అప్పటికి రెండు గంపలన్న ఆ కమానుల కింద ఉంటే బాగుండు.

ఇట్లు,
ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్