బ్యాటరీ కార్బన్ పొడి ఈ నెల పంపడం లేదు, కారణం ఇదీ

అంబాజీపేట నుంచి మన కస్టమర్లందరికీ నమస్కారమండి.

సోడియం అయాన్ బ్యాటరీల కోసం కొబ్బరి చిప్పతో చేస్తున్న హార్డ్ కార్బన్ (బ్యాటరీలో సోడియాన్ని నిల్వ చేసుకునే బొగ్గు) పొడికి అడ్వాన్స్ కట్టినవారికి ఈ నెలలో సరుకు ఇస్తామన్నాం. ఇవ్వడం లేదు. నీళ్ల ఫిల్టర్లకు తీసుకునే యాక్టివేటెడ్ కార్బన్‌కు దీంతో సంబంధం లేదు, ఆ లోడ్లు ఎప్పటిలాగే వస్తాయి.

"ఫిల్టర్ కార్బన్ ఉందిగా, అదే ఇంకాస్త మెత్తగా ఆడించి పంపండి" అని చాలామంది ఫోన్లో అడుగుతున్నారు. అది కుదరదండి. రెండూ ఒకే చిప్పలోంచి వచ్చినా గుణం వేరు. ఫిల్టర్ కార్బన్‌కు ఆవిరి పట్టించి సన్నని రంధ్రాలు తెరుస్తాం. ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్లకు పైగా ఉపరితలం ఉంటుంది, క్లోరిన్, వాసన అక్కడే అంటుకుంటాయి. కరెంటును చటుక్కున నింపుకుని చటుక్కున ఇచ్చే సూపర్ కెపాసిటర్లకూ ఇలాంటిదే కావాలి. జపాన్ కంపెనీ కురారే అది కొబ్బరి చిప్పతోనే చేస్తోంది. సోడియం బ్యాటరీకి మాత్రం ఇదే చేటు. తెరిచి ఉన్న రంధ్రాల్లోకి ఎలక్ట్రోలైట్, అంటే బ్యాటరీలోని ద్రావణం, దిగి, మొదటి ఛార్జింగ్‌లోనే విడిపోయి పొరకడుతుంది. ఆ పొరలో చిక్కిన సోడియం ఇక తిరిగి రాదు. కాబట్టి సోడియం నిలవడానికి లోపల ఖాళీలు ఉండాలి, ద్రావణం దిగకుండా వాటి మూతులు మూసుకుపోవాలి. నన్ను ఈ పనిలోకి లాగింది ఈ ఒక్క సంగతే.

అందుకు గాలి తగలకుండా 1200 నుంచి 1400 డిగ్రీల దాకా కాల్చాలి. అంతకుముందే చిప్పలోని పొటాషియాన్ని యాసిడ్‌తో కడిగెయ్యాలి, లేకపోతే ఆ వేడికి అది కార్బన్‌ను తినేసి కొత్త రంధ్రాలు పెడుతుంది. చిక్కు ఇక్కడే వచ్చింది. ముదురు చిప్ప బొగ్గు విరిస్తే అంచు నల్లగా మెరుస్తుంది, గచ్చు మీద వేస్తే ఖంగుమంటుంది. లేత చిప్పది చేతిలోనే నలిగిపోతుంది. ఈమధ్య లోడ్లలో రెండూ కలిసి వస్తున్నాయి. దాంతో బ్యాచ్ బ్యాచ్‌కీ పొడిలో మిగిలే బూడిద మారుతోంది, కాయిన్ సెల్ (పొడిని పరీక్షించే బిళ్లంత బ్యాటరీ) ఫలితమూ మారుతోంది. 2000లో కెనడాలో స్టీవెన్స్, డాన్ అనే శాస్త్రవేత్తలు గ్లూకోజ్‌తో చేసిన హార్డ్ కార్బన్ గ్రాముకు దాదాపు 300 మిల్లీ ఆంపియర్ అవర్లు నిల్వ చేసుకుంటుందని చూపించారు. మా మంచి బ్యాచ్‌లు ఆ దరిదాపుల్లోకి వస్తున్నాయి, అన్నీ రావడం లేదు. ఒక్కో డబ్బా ఒక్కోలా ఉంటే మీ ల్యాబ్‌లో నెలల తరబడి చేసే టెస్టులు వృథా అవుతాయి. ఆ పని నా చేతులతో చెయ్యలేను.

అందుకే ఇకనుంచి కురిడీ కాయలు, అంటే లోపల కొబ్బరి ఎండిన ముదురు కాయలు, కొట్టే కొట్ల నుంచే చిప్ప తీసుకుంటున్నాం, ఏరి మరీ. ఖర్చు పెరుగుతుంది, అయినా అడ్వాన్స్ కట్టినవారికి పాత రేటే. ఆగుతామన్నవారికి ప్రతి డబ్బాతో ఆ బ్యాచ్ బూడిద శాతం, కాయిన్ సెల్ రిపోర్టు పెడతాం. డబ్బు వెనక్కి కావాలన్నవారు ఒక్క ఫోన్ చెయ్యండి, పూర్తిగా వేసేస్తాం.