పొయ్యి పొగకూ ల్యాబ్‌లో చోటివ్వండి

సంపాదకుల వారికి,

ఎలుకల మీద ప్రయోగాలు మనుషుల జబ్బులకు ఏం పనికొస్తాయని ఈ మధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు అడిగారు. నేను తిరుపతిలో 22 ఏళ్లు యానిమల్ హౌస్‌లో (ప్రయోగాల కోసం ఎలుకలను పెంచే చోట) ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను.

మాది పెనుమూరు దగ్గర పల్లె. గానుగ ఆడినన్నాళ్లూ బెల్లం పొయ్యిలోకి చెరకు పిప్పి ఎగదోసింది మా అమ్మే. ఇంటికొస్తే మళ్లీ కట్టెల పొయ్యి. బీడీ ముట్టి ఎరగదు. ఇప్పుడామెకు సీవోపీడీ, అంటే ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్లు మంచం అంచున కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి, పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి వదులుతుంది. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ‘పొగ తాగుతారా?’ అని అడిగి, ‘లేదు’ అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పొయ్యి మాట ఎత్తలేదు.

ల్యాబుల్లోనూ అంతే, పొయ్యి పొగ మాట తక్కువే. 1960ల్లో బొప్పాయి పాలలో ఉండే పపైన్‌ను ఎలుకల ఊపిరితిత్తుల్లోకి పంపితే గాలిగదుల గోడలు తెగి ఎంఫసీమా వచ్చింది. సీవోపీడీలో కనిపించే జబ్బే అది. తర్వాత ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ వాడుకలోకొచ్చింది. చిట్టెలుక శ్వాసనాళంలో చుక్క వేస్తే మూడు వారాల్లో జబ్బు తయారు. ఆ స్లైడ్లకు నేనే రంగు వేసేవాణ్ణి. మంచి ఊపిరితిత్తి సన్న వలలా కనిపిస్తుంది. చెడినది ఎలుకలు కొరికిన గోనెసంచిలా, ఎక్కడ చూసినా పెద్ద పెద్ద బొక్కలు. ఊపిరితిత్తి గోడ ఎలా తెగుతుందో అర్థం కావడానికి ఆ మూగజీవాలు సాయపడ్డాయి. అవి పనికిరావంటే నేనొప్పుకోను.

కానీ మూడు వారాల జబ్బు, 30 ఏళ్ల పొగ ఒకటి కాదు కదా! పెట్టెలో పెట్టి నెలల తరబడి పొగ పట్టించినా చిట్టెలుకకు వచ్చే జబ్బు స్వల్పమే. మనిషిలా దగ్గి కఫం ఉమ్మదు. పైగా ఆ పెట్టెల్లోకి వదిలేది చాలావరకు సిగరెట్ పొగే.

ఇప్పుడు వేరే దారులున్నాయి. మనిషి శ్వాసనాళపు కణాలను కింద ద్రవం, పైన గాలి తగిలేలా పెంచితే కొన్ని వారాలకు వాటి మీద నూగు కదులుతుంది, జిగురూ ఊరుతుంది. 2010లో హార్వర్డ్ వాళ్లు గాలిగదిని చిన్న చిప్ మీద కట్టి, ఊపిరి తీసినట్టు సాగేలా చేశారు. 2023లో మన దేశమూ కొత్త మందుల నిబంధనలు మార్చి ఇలాంటి పరీక్షలకు చోటిచ్చింది.

స్విమ్స్ ఆస్పత్రి, ఎస్వీ యూనివర్సిటీ, వెటర్నరీ యూనివర్సిటీ తిరుపతిలోనే ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐసర్ అనే సైన్స్ పరిశోధన సంస్థ ఉంది. ఆపరేషన్లో తీసేసిన ఊపిరితిత్తి ముక్కను రోగి అనుమతితో తీసుకుని, ఆ కణాల మీదకు పిప్పి పొగ, కట్టెల పొగ కొలతగా వదిలి చూడమని అక్కడి పెద్దలను వేడుకుంటున్నాను. పిప్పి కావాలంటే మా ఊళ్లో ఇంకా రెండు గానుగలు ఆడుతున్నాయి. సంక్రాంతి ముందు వస్తే నేనే దగ్గరుండి ఇప్పిస్తాను.

– ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
పెనుమూరు మండలం, చిత్తూరు జిల్లా