గ్యోంగ్జులో రెండు రోజులు: అక్కకు ఉత్తరం

దేజొన్
సెప్టెంబరు, ఆదివారం

అక్కా,

అక్టోబరు నెలాఖరుకు నువ్వూ బావా అమ్మా పాపా వచ్చేస్తున్నారు. సియోల్ సంగతి వచ్చాక చూసుకోవచ్చు, నేనుంటాను. గ్యోంగ్జుకు మాత్రం మీరు నలుగురే వెళ్ళాలి, ఆ రెండు రోజులూ నాకు సెలవు లేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఇలా రాస్తున్నాను. ప్రింటు తీసి బావ చేతికివ్వు.

బావ పంపిన జాబితాలో సగం కొట్టేశాను, కోప్పడొద్దని చెప్పు. కొరియాలోని పాత సిల్లా రాజ్యానికి క్రీ.పూ. 57 నుంచి క్రీ.శ. 935 దాకా రాజధాని ఆ ఊరు. వెయ్యేళ్ళ సరుకు రెండు రోజుల్లో తెమలదు. ముఖ్యమైనవి మాత్రం రెండు చోట్ల ఉన్నాయి. ఊరి నడుమ సమాధులు, మ్యూజియం, రాజుగారి కొలను. అక్కడికి పదిహేను కిలోమీటర్ల పైన, తోహమ్ కొండ మీద సొక్కురం అనే బుద్ధుడి రాతి మందిరం, కొండ కింద బుల్గుక్సా గుడి. మొదటి రోజు ఊరు, రెండో రోజు కొండ. తారుమారు చేయొద్దు: ఊళ్ళో కొలను దీపాల వెలుగులో చూడాలి, కొండ మీదికి పొద్దున్నే పోవాలి.

రైలు ఇక్కడ దేజొన్‌లో ఎక్కుతారు. కేటీఎక్స్ అనే వేగపు రైల్లో గంటా పావు అటూ ఇటూ. ఈ దేశంలో గ్వాంగ్జు ఉంది, గోంగ్జు ఉంది, గ్యోంగ్జు ఉంది. మూడూ వేర్వేరు దిక్కులు. టికెట్ మీది రైలు నంబరు చూసి ఎక్కండి, ఊరి పేరు చెవిన పడిందని ఎక్కొద్దు. ఇంకో తిరకాసు స్టేషన్‌తో. ఊరి మధ్యలో ఉన్న పాత గ్యోంగ్జు స్టేషన్‌ను 2021 డిసెంబరులో మూసేశారు. ఊరి బయట సిన్‌గ్యోంగ్జు అని ఉండేదానికే ఇప్పుడు గ్యోంగ్జు అని పేరు. 'స్టేషన్ నుంచి సమాధులకు నడిచి పోవచ్చు' అని ఏ పాత గైడులోనైనా ఉంటే అది మూతపడ్డ స్టేషన్ సంగతి. కొత్త స్టేషన్ నుంచి ఊళ్ళోకి బస్సులున్నాయి గానీ, అమ్మతో కలిపి నలుగురున్నారు కాబట్టి బయట వరసలో నిలబడ్డ టాక్సీ ఎక్కేయండి, ఇరవై నిమిషాల్లో దింపుతాడు.

పెద్ద సూట్‌కేసులు మా ఇంట్లోనే వదిలేయండి. మనిషికో భుజాన సంచి, అంతే. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండో రోజు గుడి నుంచి ఊళ్ళోకి తిరిగి రాకుండా నేరుగా రైలు స్టేషన్‌కు పోతారు. గదిలో సామాను వదిలితే దానికోసం మళ్ళీ వెనక్కి, గంటన్నర దండగ.

గది హ్వాంగ్‌నిదాన్‌గిల్ వీధి దగ్గర చూశాను. దేరుంగ్వోన్ సమాధుల పక్కనే, బస్ టెర్మినల్‌కు నడిచే దూరం. బోమున్ చెరువు దగ్గర పెద్ద హోటళ్ళున్నాయి, బాగానే ఉంటాయి, కానీ రాత్రి ఊళ్ళో తిరిగి అక్కడికి చేరడం కష్టం. పెంకుటింటి గదులంటే నీకు సరదాగానీ, వాటిలో చాలావాటికి మంచం ఉండదు. వెచ్చటి నేల మీద పలచటి పరుపు వేసి ఇస్తారు. అమ్మ మోకాళ్ళకు కింద కూర్చుని లేవడం నరకం. అందుకని మంచమున్న గదే అడిగాను. గది మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు గానీ ఇవ్వరు. సంచులు మాత్రం ముందే పెట్టుకోనిస్తారు.

మొదటి రోజు దేరుంగ్వోన్‌తో మొదలెట్టండి. పచ్చగడ్డి పరిచిన గుండ్రటి మట్టి దిబ్బలు ఇరవైమూడు, రాజులవీ రాణులవీ పెద్దింటివాళ్ళవీ. లోపల తిరగడానికి టికెట్ లేదు. చొన్మాచోంగ్ అనే సమాధి లోపలికి వెళ్ళాలంటే మాత్రం పెద్దవాళ్ళకు మూడు వేల వొన్ టికెట్, అది తప్పక కొనండి. 1973లో పక్కనున్న పెద్ద జంట దిబ్బ తవ్వడానికి ముందు, చేయి తిరగడానికని దీన్ని తవ్వారు. పదకొండు వేల పైచిలుకు వస్తువులు, అందులో ఓ బంగారు కిరీటం బయటపడ్డాయి. ఎవరి సమాధో తేలలేదు. జీను కింద వేలాడే భూర్జచెట్టు పట్ట మీద తెల్లటి ఎగిరే గుర్రం బొమ్మ దొరికిందని ఆ గుర్రం పేరే పెట్టారు.

లోపల దిబ్బను నిలువునా కోసినట్టు చూపే గోడ దగ్గర పాపను నిలబెట్టి చూపించు. నడుమ కర్రతో కట్టిన గది, దాని చుట్టూ పైనా పిడికెడు నుంచి తలకాయంత దాకా గులకరాళ్ళు, ఆ పైన బంకమట్టి, ఆ పైన మట్టి దిబ్బ. కొన్నేళ్ళకు కర్ర పుచ్చి కూలిపోతే రాళ్ళన్నీ లోపలికి జారిపడ్డాయి. దొంగ ఎవడైనా సొరంగం తవ్వితే రాళ్ళు వాడి మీదే కూలతాయి. ఇక్కడ ఇంత బంగారం మిగలడానికి కాపలా కాదు, ఈ రాళ్ళే కారణం. రాతి గది కట్టి తలుపు పెట్టిన తర్వాతి కాలపు సమాధులు చాలావరకు దోపిడీ అయిపోయాయి. లోపల కనిపించే వస్తువులు నకళ్ళే, అసలువి మ్యూజియంలో ఉన్నాయి.

అక్కడి నుంచి చొమ్‌సోంగ్‌దే నడిచే దూరం. ఏడో శతాబ్దంలో సొన్‌దొక్ రాణి కాలంలో నక్షత్రాలు చూడటానికి కట్టిన రాతి బురుజు అంటారు. తొమ్మిది మీటర్ల ఎత్తు, సీసా ఆకారం. నడిమి కిటికీ దాకా లోపల మట్టి నింపి ఉంటుంది. 2016 సెప్టెంబరులో 5.8 తీవ్రతతో భూకంపం వస్తే కొద్దిగా ఒరిగింది గానీ పడలేదు. లోపలికి పోనివ్వరు, చుట్టూ తిరిగి చూడటమే, టికెట్ లేదు. పది నిమిషాలు చాలు. అక్కడే ఫొటోలని గంట గడిపితే మ్యూజియం పోతుంది.

మ్యూజియం ఉచితం, సాయంత్రం ఆరింటికి మూసేస్తారు. మూడున్నరకల్లా అక్కడ ఉండండి. బంగారు కిరీటాలున్న హాలు ముందు. చెట్టు కొమ్మల్లా, దుప్పి కొమ్ముల్లా నిలువు రేకులు, వాటికి వేలాడే కామా ఆకారపు పచ్చరాళ్ళు. ఆ పచ్చరాయిని దగ్గరికెళ్ళి చూస్తే ఒక చివర సన్నటి రంధ్రం, అందులోంచి బంగారు తీగ దూర్చి మెలిపెట్టిన తీరు కనిపిస్తుంది. తర్వాత వోల్జి కొలనులో దొరికిన వస్తువుల భవనం. పద్నాలుగు ముఖాల కర్ర పాచిక ఒకటుంది, విందులో ఎవరేం చేయాలో దాని మీద చెక్కారు. అసలుది భద్రపరిచేందుకు ఆరబెడుతుంటే కాలిపోయింది, ఉన్నది నకలు. ఇక ఆవరణలో వేలాడే పెద్ద గంట. 771లో పోత పోశారు, 3.66 మీటర్ల ఎత్తు, 18.9 టన్నులు. ఇప్పుడు మామూలుగా మోగించరు, ముందే రికార్డు చేసిన శబ్దాన్ని మధ్యమధ్య వినిపిస్తారు. తొందరపడి కదలకండి. ఒకేలా సాగదు, ఆగి ఆగి ఊపిరి తీస్తున్నట్టు పెరిగి తగ్గుతుంది. గంట గుండ్రదనంలో, మందంలో ఉన్న చిన్న చిన్న తేడాల వల్ల దగ్గర దగ్గర స్వరాలు రెండు పుట్టి ఒకదానితో ఒకటి కొట్టుకోవడమే దానికి కారణం.

నెలాఖరుకు అయిదున్నరకే పొద్దు కుంకుతుంది. మ్యూజియం నుంచి నడిచి రోడ్డు దాటితే వోల్జి. 674లో మున్ము రాజు తవ్వించిన కొలను, యువరాజు భవనం పక్కన. టికెట్ మూడు వేల వొన్. చీకటి పడ్డాక దీపాలు వేస్తారు. గేటు దగ్గర గుమికూడి అందరూ మొదటి మంటపం ముందే ఆగిపోతారు. మీరు ఎడతెగక గట్టు వెంబడి చుట్టూ నడవండి. ఏ చోట నిలబడ్డా కొలను అంచు మొత్తం కనబడకుండా వంపులు తిప్పి కట్టారు. చిన్న కొలను సముద్రంలా అనిపించాలని చేసిన పని అది. ఓపికుంటే వోల్‌జొంగ్‌గ్యో వంతెన కూడా చూడొచ్చు, కానీ అది మళ్ళీ కట్టిన కొత్త కట్టడం, 2018లో పూర్తయింది. అమ్మ అలిసిపోతే వదిలేయండి, నష్టం లేదు.

రెండో రోజు పొద్దున ఎనిమిదికల్లా బస్సులో ఉండాలి. టెర్మినల్ దగ్గర 10, 11 రెండూ బుల్గుక్సా పోతాయి. రెండూ ఒకే చుట్టు, ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి: 11 మ్యూజియం వైపు నుంచి, 10 బోమున్ చెరువు వైపు నుంచి. ముందు ఏది వస్తే అదెక్కండి. బస్సు ఛార్జీకి వాడే టీమనీ కార్డు మనిషికొకటి కొనిస్తాను. ఎక్కేటప్పుడు ఆనించాలి, దిగేటప్పుడూ ఆనించాలి. దిగేటప్పుడు మరిస్తే తర్వాతి బస్సుకు మారేటప్పుడు దక్కాల్సిన తగ్గింపు పోతుంది. డబ్బు వేయించుకోవాలంటే కన్వీనియన్స్ స్టోర్‌లో నోట్లు ఇవ్వాలి, మీ బ్యాంకు కార్డు అక్కడ పనికిరాదు. దారి చూడటానికి గూగుల్ మ్యాప్‌ను నమ్ముకోకండి, నేవర్ మ్యాప్ వేసుకోండి.

బుల్గుక్సా స్టాపులో దిగగానే గుడిలోకి పోవద్దు. అక్కడి నుంచే 12వ నంబరు బస్సు కొండెక్కి సొక్కురం పోతుంది, గంటకొకటి లెక్కన. ఒకటి తప్పితే గంట పోయినట్టే. ఎదురుచూడాల్సి వస్తే టాక్సీలో పైకి పోయి, బస్సులో దిగండి. రోడ్డంతా మెలికలే, పాపకు వాంతుల మాత్ర ముందే వెయ్యి. నడకదారి ఉంది, అడవిలోంచి గంటసేపు ఎక్కుడు. బావకు కావాలంటే దిగేటప్పుడు అటు రమ్మను, ఎక్కేటప్పుడు వద్దు.

పైన గేటు నుంచి పావుగంట చదునైన మట్టిదారి, అమ్మ నడవగలదు. చివర కొన్ని మెట్లుంటాయి. సొక్కురం పని 751లో మొదలైంది. కొండను తొలిచిన గుహ కాదు, గ్రానైట్ దిమ్మెలు పేర్చి గుమ్మటం కట్టి పైన మట్టి కప్పారు. లోపల మూడున్నర మీటర్ల ఎత్తు బుద్ధుడు, భూమిని తాకే ముద్ర, తూర్పున సముద్రం వైపు చూస్తుంటాడు. 1913లో జపాన్ పాలనలో మరమ్మతు మొదలుపెట్టి వెలుపల సిమెంటు వేశారు. దాంతో రాళ్ళ సందుల్లోంచి గాలి ఆడటం పోయి తేమ పట్టింది. ఇప్పుడు ముందు అద్దం, లోపల తేమ తీసే యంత్రాలు. అద్దం ఇవతలి నుంచే చూడాలి, ఫొటోలు తీయనివ్వరు. అన్నిటికన్నా అందమైనది, పదకొండు తలల అవలోకితేశ్వర బోధిసత్వుడి బొమ్మ, బుద్ధుడి విగ్రహం వెనక గోడ మీద ఉంది, మీకు కనపడదు. రైల్లోనే దాని ఫొటో చూసుకోండి. పదకొండు దాటితే స్కూలు పిల్లల బస్సులొస్తాయి, వెనకవాళ్ళు తోస్తుంటే అరనిమిషం కూడా నిలవలేరు. పొద్దున్నే పొమ్మనేది ఇందుకే.

అమ్మకు ఒక మాట చెప్పు. ఈ పని మొదలవడానికి పాతికేళ్ళ కిందట సిల్లాలో పుట్టిన హ్యేచో అనే భిక్షువు మన దేశమంతా తిరిగాడు. దక్షిణాదిన కొండల్లో నాగార్జునుడి కాలపు పెద్ద విహారం ఉందనీ, తను వెళ్ళేసరికి భిక్షువులు లేక పాడుబడి ఉందనీ రాసుకున్నాడు.

కిందికొచ్చి బుల్గుక్సా చూడండి. 2023 నుంచి రెండు చోట్లా టికెట్ తీసేశారు. చెక్క మందిరాలను 1593లో జపాన్ సైన్యం తగలబెట్టింది, ఇప్పుడున్నవి చాలావరకు 1969-73 మధ్య కట్టినవి. కాబట్టి రంగుల చూరుల కన్నా రాయి చూడండి. ముందున్న మెట్ల వంతెనల మీద నడవనివ్వరు, పక్కదారిన లోపలికి పోవాలి. పోయే ముందు ఆ పునాది గోడ దగ్గర ఆగండి. కింద వరసలో చెక్కని గుండ్రాళ్ళు ఎలా ఉన్నవి అలాగే పెట్టి, పైరాయి అడుగును ఆ వంపులకు సరిగ్గా సరిపోయేలా చెక్కి కూర్చోబెట్టారు. లోపల ముంగిట్లో రెండు గోపురాలు. కుడివైపు దబోతాప్, పది వొన్ నాణెం మీద బొమ్మ అదే. పాపకు నాణెం ఇచ్చి పోల్చమను. నాలుగు సింహాలుండాలి, ఒక్కటే మిగిలింది. ఎడమవైపు సాదాగా ఉన్నది సొక్కాతాప్. 1966లో దాన్ని విప్పితే చెక్క అచ్చుతో ముద్రించిన ధారణి, అంటే బౌద్ధ మంత్రాల కాగితపు చుట్ట దొరికింది. ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చుల్లో అదొకటి.

తిరుగు దారికి 700 నంబరు బస్సు బుల్గుక్సా నుంచి రైలు స్టేషన్ దాకా పోతుంది. గంట పట్టొచ్చు, ఆకులు ఎర్రబడే రోజులు కాబట్టి బోమున్ దగ్గర రోడ్డు నిండిపోతుంది. రైలుకు రెండు గంటల ముందే ఎక్కండి.

తిండి. అమ్మ శాకాహారం అంటే ఇక్కడివాళ్ళకు మాంసం ముక్క లేకపోతే చాలు. కిమ్చీ పచ్చడిలో చేప రసమో రొయ్యల ముద్దో ఉంటుంది, పులుసులన్నీ ఎండు చేపల నీళ్ళతోనే. బుల్గుక్సా ముందరి హోటళ్ళలో కొండ ఆకుకూరల బిబింబాప్, అంటే కలుపుకుని తినే అన్నం, దొరుకుతుంది. 'గోగి, గ్యేరన్ ప్పే జుసెయో' అంటే మాంసం, గుడ్డు లేకుండా ఇస్తారు. ఎర్రటి మిరప ముద్ద కలపొద్దు, కొన్ని చోట్ల దాన్ని మాంసం వేసి వేయిస్తారు. రాత్రికి కన్వీనియన్స్ స్టోర్‌లో డబ్బా అన్నం కొని రెండు నిమిషాలు వేడి చేస్తే చాలు. కంది పొడీ గోంగూర పచ్చడీ మీ దగ్గర ఉంటాయి. హ్వాంగ్‌నామ్ రొట్టె మాత్రం మీరు తినండి. లోపల మన పూర్ణంలా ఎర్ర గింజల తీపి ముద్ద, పైన పలచటి పొర. ఆ పొరలో గుడ్డుంటుంది, అమ్మకు వద్దు. అమ్మకు ఫుయూ అనే పెర్సిమన్ పళ్ళు కొనండి, సరిగ్గా వాటి కాలం.

ఊరి నుంచి పచ్చళ్ళూ పొడులూ తెండి. కరివేపాకు, పచ్చి మామిడికాయ, ఏ పండూ, ఏ విత్తనమూ వద్దు. ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా కూడా.

యాంగ్‌డోంగ్ పల్లె, సముద్రంలో ఉన్న మున్ము రాజు సమాధి జాబితాలోంచి కొట్టేసినవాటిలో ఉన్నాయి. రెండూ ఊరికి చెరో దిక్కున, ఒక్కోదానికి పూటంతా పోతుంది. మూడో రోజు దొరికితే చెప్పండి, గది పొడిగిస్తాను. రైలు టికెట్లు నెల ముందు తెరుస్తారు, తెరిచిన రోజే కొంటాను. నలుగురి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫొటోలు ఈ వారంలో పంపు.

నీ తమ్ముడు